శ్లాబు రోజు లెక్కలో పద్నాలుగు క్వార్టర్లు

మొన్న వేసంగిలో గజపతినగరం దగ్గర మా చెల్లెలి ఇంటికి శ్లాబు వేశారు. ముందురోజు సాయంత్రం మేస్త్రి వచ్చి సిమెంటు బస్తాలు, పిక్క, ఇసుక, మిక్సర్ అద్దె అన్నీ ఒక్కొక్కటే అప్పజెప్పాడు. లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "మగోళ్లు పద్నాలుగు మంది బాబూ" అన్నాడు మా బావతో. ఇంకేం చెప్పలేదు. బావ తలూపాడు.

పద్నాలుగు మంది అంటే పద్నాలుగు క్వార్టర్ సీసాల మందు. ఆడవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లకి కోడికూర, అన్నం, తలా ఒక కూల్‌డ్రింకు. గమేళాలు ఎత్తింది వాళ్లు, ఎండలో నిచ్చెన మీద నిలబడి అందించింది వాళ్లు. అయినా వాళ్ల లెక్కలోకి సీసా రాదు, అడిగే వాళ్లూ లేరు. మా బావ ఏటా అయ్యప్ప మాల వేసే మనిషి, జన్మలో మందు ముట్టలేదు. అలాంటి వాడు మరునాడు పొద్దున్నే సంచీ పట్టుకుని షాపు ముందు నిలబడ్డాడు. కూలీల్లో ఇద్దరు తాగరని నాకు తర్వాత తెలిసింది. వాళ్ల వంతు క్వార్టర్లు కూడా వాళ్ల చేతికే వచ్చాయి. ఒకడు తమ్ముడికి ఇచ్చాడు, ఒకడు లుంగీ మడతలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్లాడు.

తాగుడు గురించి మాట వస్తే మనం దాన్ని వెంటనే మనిషి గుణానికి అంటగడతాం. "ఆడు బంగారంలాంటోడే గానీ మందు దగ్గర ఆగలేడు" అంటాం. కొంత నిజమే కావచ్చు. కానీ ఆ శ్లాబు రోజు తాగుడంతా ఎవరి గుణం? అడిగినవాడు మేస్త్రి, కొన్నవాడు తాగనివాడు, తీసుకున్నవాళ్లలో ఇద్దరికి అక్కర్లేదు. అక్కడ పనిచేసింది ఒక ఆనవాయితీ. ఎవరు తాగుతారు, ఎవరు తాగరు, ఎంత తాగుతారు అన్నదాంట్లో మనిషి ఇష్టానికి ఎంత చోటుందో, మగా ఆడా, కులం, కూలి, వలస, పండగ, ధర లాంటివాటికి ఎంత చోటుందో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనే పెట్టుకుని చూడాలని అప్పుడనిపించింది.

ముందు ఆ క్వార్టర్ సంగతే చూద్దాం. సీసా మీద 180 మిల్లీలీటర్లు, ఆల్కహాల్ 42.8 శాతం అని ఉంటుంది. బ్రాందీ, విస్కీ, రమ్ము దేనిమీదైనా ఇంచుమించు అంతే. గుణిస్తే 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్, బరువులో చెప్తే 61 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క విడతలో 60 గ్రాములు దాటితే దాన్ని అతిగా తాగడం కింద లెక్క వేస్తుంది. అంటే మనవాళ్లు "ఒక్క క్వార్టరే కదా" అని చిన్నగా తీసేసే సీసా ఆ గీత మీదే కూర్చుంది. ఇక కల్లు చూడండి. ముంతలోని తాటికల్లులో ఆల్కహాల్ మామూలుగా నాలుగైదు శాతం. పొద్దున దించినప్పుడు తియ్యగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది. అరవై గ్రాములు కడుపులోకి పోవాలంటే లీటరున్నర తాగాలి, దానికి మధ్యాహ్నమంతా కూర్చోవాలి. కడుపు నిండిపోతుంది, మాటలు నడుస్తాయి, పక్కన చింతచిగురు రొయ్యలో కాల్చిన ఎండుచేపో ఉంటుంది. క్వార్టర్‌కి అంత ఓపిక అక్కర్లేదు. సగం సీసా నీళ్లు కలిపి, షాపు పక్క గోడకి ఆనుకుని, అయిదు నిమిషాల్లో అవగొట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనపడతారు. తాగే మనిషి మారలేదు. చేతిలో ఉన్న సరుకు మారింది, దాంతో తాగే తీరు మారింది.

ఎందరు తాగుతారన్నదానికి కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలున్నాయి. 2019-21లో చేసిన అయిదో విడత ప్రకారం దేశంలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 18.8 శాతం, ఆడవాళ్లలో 1.3 శాతం తాగుతారు. పట్నంలో కంటే పల్లెలో ఎక్కువ. మగవాళ్లు పట్నాల్లో 16.5 శాతం అయితే పల్లెల్లో 19.9 శాతం. మందంటే సిటీ జబ్బు అనుకునే వాళ్లు ఇది ఒకసారి చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లు 23.3 శాతం, ఆడవాళ్లు 0.5 శాతం. అదే తెలుగు మాట్లాడే తెలంగాణలో మగవాళ్లు 43.3 శాతం, ఆడవాళ్లు 6.7 శాతం. భాష ఒకటే, ఇష్టమైన కూరలు కూడా చాలావరకు ఒకటే, తాగే లెక్కలో మాత్రం సగానికి సగం తేడా. అక్కడ పల్లెల్లో కల్లు ఇంటి వ్యవహారం. పండక్కి, చుట్టానికి, బోనానికి అందరూ కలిసి తాగుతారు, ఆడవాళ్లు తాగినా నోరు నొక్కుకోరు. మన కోస్తా పల్లెల్లో ఆడమనిషి తాగిందంటే అది ఊరంతా చెప్పుకునే వార్త.

ఈ లెక్కల్లో ఒక మెలిక ఉంది. "మీరు తాగుతారా" అని సర్వేవాళ్లు ఇంటికొచ్చి అడుగుతారు. ఏడాదికి ఒకసారి కనుమనాడు ఒక గ్లాసు పుచ్చుకున్నవాడూ, రోజూ రెండు క్వార్టర్లు లేనిదే చెయ్యి వణికేవాడూ ఇద్దరూ "అవును" కిందే పడతారు. పైగా గుమ్మంలో అత్తగారు, వరండాలో మరిది కూర్చున్నప్పుడు ఏ కోడలు నిజం చెప్తుంది? కాబట్టి 0.5 అనేది తాగే ఆడవాళ్ల లెక్క అయినంతగా, ఒప్పుకోగలిగిన ఆడవాళ్ల లెక్క కూడా. మా అమ్మమ్మ చీపురుపల్లి దగ్గర పల్లెలో చలికాలం రాత్రులు ఒక చిన్న గ్లాసు పుచ్చుకునేది. "పుచ్చుకునేది" అన్నాను చూశారా, మా ఇంట్లో అమ్మమ్మకి మాత్రమే ఆ క్రియ. "ఒళ్లు నొప్పులకి మందు" అనేవారు. సర్వే ఆవిడ వచ్చి అడిగుంటే అమ్మమ్మ పూర్తి నమ్మకంతో "సీ, మా ఇళ్లలో అలాటివి లేవమ్మా" అని చెప్పేది.

మైదానం దాటి సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లోకి వెళ్తే ఈ సిగ్గు సగం కరిగిపోతుంది. అక్కడ సవర, జాతాపు గిరిజనుల ఊళ్లలో జీలుగు కల్లు చెట్టు మీద నుంచి దిగుతుంది, వేసవి ముందు రాలిన ఇప్పపువ్వు ఎండబెట్టి సారా కాస్తారు. కందికొత్తల పండగలో ముందు కొంచెం నేల మీద పెద్దలకి ఒలకపోసి, తర్వాత మనుషులు తాగుతారు. ఆడవాళ్లూ కూర్చుంటారు. దేశం మొత్తం లెక్కలు తీసినా షెడ్యూల్డ్ తెగల్లో తాగేవాళ్ల శాతం అన్ని వర్గాల కంటే ఎక్కువే. అయితే ఆ శాతం చూసి "కొండోళ్లు తాగుబోతులు" అనడం మైదానపు అహంకారం. ఆ కల్లు పండక్కి, పెళ్లికి, చావుకి, పెద్దల పంచాయితీకి కట్టుబడి ఉండేది. ఎప్పుడు, ఎవరితో, ముందు ఎవరికి అన్నదానికి ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతిలోకి ప్యాకెట్టూ క్వార్టరూ దిగాయి. వాటికి పండగతో పని లేదు, సంతకి వెళ్లి డబ్బు చేతిలో పడితే చాలు. వారం రోజులు కొండమీద తెచ్చిన చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు సంతలో అమ్మి, సాయంత్రానికి ఖాళీ బుట్టతో, బరువైన అడుగులతో వెనక్కి ఎక్కే మగవాళ్లని చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో తెచ్చిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు సరుకులని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకి ఇవ్వాలంటుంది. కాగితం మీద అది పెద్ద అధికారం. ఎన్ని ఊళ్లలో దాన్ని ఎవరు వాడారో అక్కడివాళ్లనే అడగాలి.

కల్లుకి కులంతో కూడా లెక్క ఉంది. మన వైపు గీతపని యాత, శ్రీశయన కులాల వాళ్లది. చెట్టెక్కే నడుంకట్టు, కత్తి, కుండ తరాలుగా చేతులు మారాయి. తాగడం ఎవరికి తప్పు, ఎవరికి మామూలు అన్నది కూడా కులాన్ని బట్టే నడిచేది. అమ్మవారికి సారా సాక పోసే ఇళ్లు ఒకవైపు, ఆ వాసన వస్తే మొహం తిప్పుకునే అగ్రహారాలు, కోమటి వీధులు ఒకవైపు. ఇప్పుడు ఈ గీత చాలా చెరిగింది. అగ్రహారం కుర్రాడు విశాఖలో ఉద్యోగంలో చేరి శనివారం టీమ్ పార్టీలో బీరు తాగుతాడు. దాన్ని తాగుడు అనరు, "సోషల్" అంటారు. అదే శనివారం కూలి డబ్బుతో గోడ పక్కన తాగినవాడు తాగుబోతు. గ్రాములు తీసి చూస్తే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు రెండు సీసాలు తాగినవాడే క్వార్టర్‌వాడిని దాటిపోతాడు.

చదువు తక్కువైన మగవాళ్లలో తాగేవాళ్లు ఎక్కువ అని సర్వే చెప్తుంది. దీన్ని పట్టుకుని "చదువు చెప్పిస్తే మానేస్తారు" అనేయడం తేలిక. నాకు అంత నమ్మకం లేదు. చదువు లేనివాడు ఏ పని చేస్తాడు? కాంక్రీటు కలుపుతాడు, బస్తాలు మోస్తాడు, ఇటుక బట్టీలో ఉంటాడు, బోటు మీద వలలాగుతాడు. ఆ పనుల్లో ఒళ్లు హూనమవుతుంది, డబ్బు రోజుకో వారానికో చిల్లరగా చేతిలో పడుతుంది, పని వదిలేసరికి పదిమంది ఒకేచోట ఉంటారు. చదువుకున్నవాడి జీతం ఒకటో తారీకున బ్యాంకులో పడి ఈఎంఐలకి పోతుంది. సర్వేలో "చదువు" అన్న గడిలో కనపడేదాంట్లో చాలా భాగం పని, డబ్బు చేతికొచ్చే తీరు, సాయంత్రం తోడు. శ్లాబు మేస్త్రి అడిగిన పద్నాలుగు క్వార్టర్లు ఆ పనిలో భాగమే. డిగ్రీ ఉన్నవాడు ఆ గుంపులో ఉన్నా అతని చేతికీ ఒకటి వచ్చేది.

నెల్లిమర్ల, బొబ్బిలి లాంటి జూటు మిల్లు ఊళ్ల పాతవాళ్లు "బట్వాడా రోజు" అన్న మాట ఇప్పటికీ వాడతారు. జీతం పంచే రోజు. ఆరోజు మిల్లు గేటు బయట ముగ్గురు కాచుకునేవారు: అప్పులవాడు, సారా దుకాణంవాడు, పిల్లని చంకనేసుకున్న పెళ్ళాం. ఎవరి చేతికి ముందు చిక్కితే డబ్బు వాళ్లది. తీరంలో దీనికి ఇంకో రూపం ఉంది. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం. వేట సాగిన రోజు బోటువాళ్లకి వాటా డబ్బు ఒక్కసారిగా వస్తుంది, సాగని వారం పైసా ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేటే నిషేధం. ఇలా ఉవ్వెత్తున వచ్చి ఖాళీ అయిపోయే సంపాదనలో దాచుకోవడం కష్టం, ఒక్క రాత్రిలో ఖర్చుపెట్టడం సులువు. అదే పల్లెలో చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్మే ఆడమనిషికి రోజూ కొంత కొంత వస్తుంది, ఆ డబ్బు ఆమె కొంగున ఉంటుంది. ఇల్లు నడిచేది దానిమీదే.

ఇక ధర. 2024 అక్టోబరులో కొత్త పాలసీతో 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. 2025-26కి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. అంటే రోజు కూలిలో మూడో వంతుకి ఆ 61 గ్రాములు దొరుకుతున్నాయి.

వలస గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన రెండు జిల్లాల్నీ అది మలిచినంతగా ఇంకేదీ మలచలేదు. 2011 జనాభా లెక్కల్లో వెయ్యి మంది మగవాళ్లకి శ్రీకాకుళంలో 1015 మంది, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్లు తేలారు. దేశంలో ఆ లెక్క 943. మనవైపు ఆడపిల్లలకి పట్టం కట్టారని సంబరపడే ముందు, లెక్క రాసేరోజు మగవాళ్లు ఎక్కడున్నారో అడగాలి. హైదరాబాద్ అపార్ట్‌మెంటు పునాదుల్లో ఉన్నారు, చెన్నై రోడ్ల మీద ఉన్నారు, గుజరాత్ వెరావల్ రేవులో బోట్ల మీద ఉన్నారు. 2018లో పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి చిక్కి ఏడాది పైగా జైల్లో ఉండి 2020 జనవరిలో తిరిగొచ్చిన మన మత్స్యకారులు ఆ వెరావల్ నుంచి వేటకి వెళ్లినవాళ్లే.

ఊళ్లో ఉంటే మనిషి మీద పది జతల కళ్లుంటాయి. మావయ్య చూస్తాడు, పిన్ని అంటుంది, రచ్చబండ మీద ముసలాయన "ఏట్రా ఈ అవతారం" అని అడుగుతాడు. హైదరాబాద్‌లో రేకుల షెడ్డులో ఎనిమిది మంది మగవాళ్లు, వంటకి ఒక స్టవ్వు, ఆదివారం సెలవు. అక్కడ "వద్దు" అన్నవాడే వింతమనిషి. తొలిసారి అక్కడ తాగిన కుర్రాడు సంక్రాంతికి ఆమదాలవలస స్టేషన్‌లో దిగేసరికి చేతిలో డబ్బుంటుంది, ఏడాది దూరంగా ఉన్న బెంగ ఉంటుంది, తను గెలిచొచ్చానని నలుగురికీ చూపించాలని ఉంటుంది. స్నేహితులకి పార్టీ ఇవ్వాలి. భోగికి మొదలై ముక్కనుమకి ముగిసే ఆ నాలుగు రోజుల్లో ఏడాది పొదుపులో ఎంత పోతుందో ఇంట్లో ఆడవాళ్లకి తెలుసు. ఇదే కుర్రాడు ఊళ్లోనే ఉండి ఎవరి కళ్లముందో పని చేసుకుంటే తాగేవాడు కాదని నేననను. మొదటి గ్లాసు ఇంకెప్పుడో, ఇంకొంచెం ఆలస్యంగా అందేది, అంతవరకు చెప్పగలను. మన రాష్ట్రంలో చట్టప్రకారం మందు అమ్మాల్సింది 21 ఏళ్లు దాటినవాళ్లకే. ఊరి కిరాణా కొట్లో బిస్కెట్ డబ్బాల వెనక నడిచే బెల్టు షాపుకి ఆ చట్టం తెలీదు. పది రూపాయలు ఎక్కువ తీసుకుంటుంది, అప్పు కూడా ఇస్తుంది.

ఆ అప్పే నన్ను భయపెడుతుంది. మెయిన్ రోడ్డు షాపులో డబ్బు లేకపోతే సీసా లేదు. బెల్టు షాపులో ఖాతా ఉంటుంది. పక్కింటివాడే అమ్ముతాడు కాబట్టి రాత్రి పదకొండుకి తలుపు తట్టినా ఇస్తాడు. దూరం, సమయం, డబ్బు అనే మూడు అడ్డుకట్టలూ ఒక్క దెబ్బకి పోతాయి.

మనుషుల చుట్టూ ఉన్నవాటికి ఎంత బలం ఉందో చూడాలంటే కార్తీకమాసంలో విజయనగరం రండి. ఏడాదంతా సాయంత్రం ఆరుకి ఠంచనుగా షాపు దగ్గరుండే ఆటోవాలా నల్లబట్ట కట్టి, మెడలో మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. డాక్టరు చెప్పినా, పెళ్ళాం ఏడ్చినా మానని మనిషి. ఏం మారింది? పేరు మారింది, ఇప్పుడతను "స్వామి". పదేళ్ల పిల్లాడు కూడా స్వామీ అని పిలుస్తాడు. చన్నీళ్ల స్నానం, పూజ, సన్నిధానంలో భిక్ష, భజన. ఆరు నుంచి తొమ్మిది వరకు ఉండే ఖాళీ నిండిపోయింది. తోడు మారింది. నిన్నటి దాకా "రా బావా, రెండు సుక్కలేసుకుందాం" అన్నవాళ్లే ఇప్పుడు అతను వస్తుంటే గ్లాసులు దాచుకుంటారు. వద్దని చెప్పే భారం అతని మీద నుంచి దిగిపోయింది, మాలే చెప్తుంది. పల్లెల్లో చర్చిలో చేరి మానేసినవాళ్ల కథా ఇంచుమించు ఇదే. ఆదివారాలు నిండుతాయి, కొత్త బంధుత్వం వస్తుంది, తాగొస్తే అడిగే వాళ్లుంటారు.

శబరిమల నుంచి దిగి, ఊళ్లో మాల తీసిన రాత్రే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఎందరో. వాళ్లని చూసి నవ్వుకుంటాం. నవ్వాల్సిన పని లేదు. మాలతోపాటు ఆ పిలుపు, ఆ భజన, ఆ తోడు అన్నీ ఒక్కరోజులో తీసేశాం, మనిషిని మాత్రం పాత ఆరుగంటల దగ్గరికే తిరిగి పంపాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగి శరీరం దానికి బానిసైనవాడు మాల వేశాననో, ఒట్టు పెట్టాననో ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడంతో మొదలవుతుంది. కొందరికి ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకి మతి తప్పి, లేనివి కనపడి, ప్రాణం మీదికి రావచ్చు. దీన్ని "గాలి సోకింది" అని తాయెత్తు కట్టే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఆస్పత్రిలో చేర్చి మందులిస్తే తగ్గే పరిస్థితి అది.

ప్రభుత్వం ఆపలేదా అంటే, ఆపి చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ముందు నడిచినామె రోశమ్మ. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న సీతమ్మ కథ అనే పాఠం ఆ కోపానికి మాట ఇచ్చింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఎత్తేశారు. ఖజానాకి ఆ ఆదాయం లేకుండా నడవడం ఏ పార్టీకీ చేతకాలేదు, ఇప్పటికీ కాలేదు. ఆడవాళ్ల ఓట్ల కోసం నిషేధం మాట, ఖజానా కోసం షాపుల వేలం, ఈ రెండింటి మధ్య మన రాష్ట్రం ముప్పై ఏళ్లుగా ఊగుతోంది.

2019 అక్టోబరు నుంచి షాపులు ప్రభుత్వమే నడిపింది. 2020 మే నెలలో లాక్‌డౌన్ తర్వాత తెరిచినప్పుడు ధరలు రెండు విడతల్లో 75 శాతం పెంచింది. ధర పెంచితే వాడకం తగ్గుతుందన్నది ప్రపంచమంతా చూసిన సంగతే. ముఖ్యంగా కుర్రాళ్లు, అప్పుడప్పుడు తాగేవాళ్లు వెనక్కి తగ్గుతారు. బానిసైనవాడు తగ్గడు, సరుకు మారుస్తాడు. ఆ ఏడాది జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మన వైపు మార్పు ఇంకో దారిన వచ్చింది. ఇచ్ఛాపురం, పాతపట్నం, సాలూరు అవతల ఒడిశా సరిహద్దు ఉంది. కొండవాగుల పక్కన డ్రమ్ముల్లో బెల్లం ఊట, ట్యూబుల్లో నాటుసారా, తెల్లారకుండా మోటార్‌సైకిళ్లు. ఎక్సైజ్ వాళ్లు ఊట పారబోసిన ఫొటో పేపర్లో వస్తుంది, వారానికి మళ్లీ పొగ లేస్తుంది. ధర అనేది పనిచేసే పరికరమే. పక్కన చౌక దారి తెరిచి ఉంటే మాత్రం అది పేదవాణ్ణి మంచి సరుకు నుంచి చెడ్డ సరుకులోకి నెడుతుంది.

తాగాక ఏం జరుగుతుందన్నది కూడా అందరికీ ఒకటి కాదు. ఒకే క్వార్టర్ తాగిన ఇద్దర్ని తీసుకోండి. ఒకడు భోంచేసి తాగాడు, కారు డ్రైవర్ ఉన్నాడు, ఏడాదికోసారి లివర్ టెస్టు చేయించుకుంటాడు. రెండోవాడు ఖాళీ కడుపుతో తాగాడు, చీకట్లో సైకిల్ మీద హైవే దాటాలి, పొద్దున్నే పరంజా ఎక్కాలి. పేదవాళ్లు ధనికుల కంటే ఎక్కువ తాగకపోయినా మందు వల్ల చచ్చేవాళ్లలో ఎక్కువ మంది వాళ్లే ఉంటారన్నది చాలా దేశాల్లో తేలిన విషయం. దెబ్బ అదే, తట్టుకునే ఆసరాలు వేరు. క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో ఆల్కహాల్ 1988 నుంచీ మొదటి వరసలోనే ఉంది. ఆ విషయంలో బ్రాందీకీ నాటుసారాకీ తేడా లేదు.

ఇంట్లో దెబ్బ తినేది తాగనిమనిషి. భర్త తరచూ తాగే ఇళ్లలో భార్య మీద హింస, అసలు తాగని ఇళ్లతో పోలిస్తే ఇంచుమించు మూడు రెట్లు. "మందు అలా చేయించింది, లేకపోతే దేవుడే" అని ఆమే సర్దుకుంటుంది. నాకు చిన్నప్పటి నుంచి ఒక ప్రశ్న. మత్తులో ఒళ్లు తెలీనివాడు మేస్త్రిని ఎందుకు కొట్టడు? సర్పంచ్ ఎదురైతే లుంగీ ఎందుకు దించుకుంటాడు? ఎవరి దగ్గర ఎంతవరకు వెళ్లొచ్చో మత్తులో కూడా మనిషికి తెలుసు. ఆ తెలివి సీసాలోంచి వచ్చింది కాదు, ఇల్లూ ఊరూ నేర్పింది.

వైద్యం మాటకొస్తే, 2019లో కేంద్రం కోసం ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మందుకి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక సాయం తీసుకున్నారు. మిగతా 37 మంది ఎక్కడున్నారో మనకి తెలుసు. ఇంట్లోనే ఉన్నారు, "మానేస్తాను" అంటూ. ఇది జబ్బు అని, దీనికి మందులున్నాయని, 14446కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడతారని వాళ్లలో ఎందరికి తెలుసు? సిగ్గొకటి. శ్రీకాకుళం రిమ్స్ ఆస్పత్రిలో మానసిక విభాగం బోర్డు కింద కూర్చుంటే తెలిసినవాళ్లు చూస్తారేమోనని సగం మంది గేటు దగ్గరే వెనక్కి తిరుగుతారు.

మా ఊళ్లో ఒకాయన నాలుగేళ్లుగా మానేశాడు. రైసుమిల్లులో హమాలీ. ఆస్పత్రిలో పది రోజులున్నాడు, మాత్రలు వాడాడు. ఎలా మానావన్నా అని అడిగితే మాత్రల గురించి చెప్పలేదు, సంకల్పం గురించీ చెప్పలేదు. కూలి డబ్బు మిల్లువాళ్లు నేరుగా వదినకే ఇచ్చేలా మాట్లాడుకున్నాడట. ఆరింటికి తోటివాళ్లు షాపు వైపు వెళ్తారు కాబట్టి తను అయిదున్నరకే బయటపడతాడట. రోడ్డు మీదుగా వస్తే షాపు తగులుతుంది. అందుకని చెరువు గట్టు మీదుగా వస్తాడు, ఒక కిలోమీటరు ఎక్కువ. వానాకాలంలో బురదకి చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తాడు.